ఆర్ద్రత అంటే తడే: ఒక హేతువాది బొమ్మల పుస్తకం

బొమ్మలు వేసేవాళ్ళకి తరచూ దొరికే మెచ్చుకోలు ఒకటుంది: "అది దేవుడిచ్చిన వరమండీ, అందరికీ రాదు." మెచ్చుకోలే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. విభూతి రాల్చే బాబాని ముందు చొక్కా చేతులు మడిచి చూపించమని నిలదీసే మన మిత్రులు కూడా ఈ మాట దగ్గర తలూపి ఊరుకుంటారు. దేవుడనే మాట గొంతు దిగకపోతే "పుట్టుకతో రావాలి" అంటారు, లేదా "రక్తంలో ఉండాలి" అంటారు. పేరు మారింది గానీ సరుకు అదే.

ఆ సరుకుని కాస్త విప్పి చూద్దామని ఈ వ్యాసం. నేను చిత్రకారిణిని కాను. నోయిడాలో ఉంటూ, పదేళ్ళ పైబడి స్కెచ్‌బుక్ ఒకటి సంచీలో వేసుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు పుస్తకాలు నిండాయి. ఈమధ్య వాటిని తిరగేసినవాళ్ళు "నీకంటూ ఒక శైలి వచ్చేసిందే" అంటున్నారు. సంతోషమే. కానీ ఆ శైలి ఎక్కణ్ణుంచి వచ్చిందనే ప్రశ్నకి జవాబు వెతకొచ్చు, ఎందుకంటే ప్రతి పేజీ కింద తేదీ, వేళ, చోటు రాసి పెట్టుకున్నాను. సాక్ష్యం చేతిలో ఉండగా వరాల దాకా పోవడం ఎందుకు?

ముందు సరంజామా గురించి చెప్తాను. పుస్తకం మామూలు కుట్టు పుస్తకం, కాగితం కాస్త మందం. నల్ల బాల్‌పెన్. పిల్లలు వాడే నీటిరంగుల పెట్టె. ఆయిల్ పాస్టెళ్ళు నాలుగు. ఫెవికాల్. చావ్‌డీ బజారు కాగితాల కొట్లలో మిగిలిపోయిన పెళ్ళిపత్రికల ముక్కలు. దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారులో (2019లో దాన్ని ఫుట్‌పాత్ మీంచి మహిళా హాట్‌కి మార్చారు) కొన్న చిరిగిన అట్లాసు. మెట్రో టికెట్లు. చివరిగా కావిరాయి పొడి. దాన్ని ఇక్కడ గేరు అంటారు, మన వైపు అరుగులకి పూసే జాజులాంటిదే. దాన్ని తుమ్మబంక నీళ్ళలో కలుపుకుంటే చక్కటి ఎర్రమట్టి రంగు. ఇన్ని రకాల వస్తువులు ఒకే పేజీ మీదకి ఎక్కితే దాన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు. పేరు పెద్దదే గానీ, ఖర్చు పెద్దది కాదు.

ఇక మొదటి సాక్ష్యం. కవిత్వం రాసే మిత్రుడొకాయన నా పుస్తకాలు చూసి ఒక మాటన్నారు. "ఎండాకాలం పేజీల్లో ఏదో కోపం కనిపిస్తోంది, గీతలన్నీ కోసినట్టున్నాయి. వర్షాకాలం పేజీల్లో ఎంత ఆర్ద్రత ఉందో! నీ మనసు రుతువులతో పాటు మారుతోంది." తేదీలు చూడకుండానే మే పేజీల్నీ ఆగస్టు పేజీల్నీ వేరు చేశారు. గమనిక నూటికి నూరుపాళ్ళు సరైనది. వివరణ మాత్రం మనసు దాకా వెళ్ళక్కర్లేదు.

ఢిల్లీ మే నెల అంటే 45 డిగ్రీల చుట్టుపక్కల ఎండ, పొడిగా కొట్టే లూ గాలి. రంగు నీళ్ళు కాగితం మీద పెట్టిన నిమిషం లోపే ఆరిపోతాయి. రెండో రంగు దాని పక్కకి వచ్చేసరికి కలవడానికి తడి ఉండదు, రెండిటి మధ్యా గట్టి అంచు మిగులుతుంది. పైగా అంచు దగ్గర రంగు చిక్కబడుతుంది. బల్ల మీద కారిన టీ చుక్క ఆరాక చుట్టూ ముదురు వలయం ఎందుకు మిగులుతుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు వివరించి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. చుక్క అంచు కదలకుండా అతుక్కుని ఉంటుంది. అక్కడ నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకి ప్రవహిస్తూ, రేణువుల్ని మోసుకుపోయి అక్కడ వదిలేస్తుంది. నా మే నెల "కోపం" అదే. ఆగస్టులో గాలి నిండా చెమ్మ, పది నిమిషాలైనా పేజీ ఆరదు, రంగులు ఒకదాన్లోకొకటి పాకిపోతాయి. మా కవిమిత్రుడు చూసిన ఆర్ద్రత అదే. ఆర్ద్రత అంటే అసలు అర్థం తడే కదా! ఆయన అనుకోకుండా నిఘంటువు ప్రకారం నిజమే చెప్పారు.

ఇది చెప్తే ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. "అన్నిటినీ ఇలా తేమశాతానికి దించేస్తే ఇక కళ ఏం మిగులుతుంది?" అన్నారు. చాలామంది అడిగే ప్రశ్నే ఇది. నా మట్టుకు నాకు మిగిలేది ఎక్కువే. కారణం తెలిశాక దాన్ని వాడుకోవచ్చు. ఇప్పుడు ఆగస్టులో మే నెల అంచు కావాలంటే పేజీని టేబుల్ ఫ్యాను ముందు పెడతాను. మేలో ఆగస్టు కావాలంటే కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి మొదలుపెడతాను. మనసు మారేదాకా ఎదురు చూడనక్కర్లేదు.

కుంచె సంగతీ అంతే. 1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగిన రోజు మన పాఠకులకి కొత్త కాదు. ఆ కథ మొదలైంది ఢిల్లీలోనే. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పట్టించి చూస్తే, చెంచాలోంచి పాలు తలతన్యత వల్ల విగ్రహం పైకి లాగబడి, ఒంటి మీదుగా పల్చని పొరలా కిందికి జారుతున్నాయని బయటపడింది. తడి కుంచెని రంగుచుక్కకి తాకించండి. చుక్క లేచి వెంట్రుకల మధ్యకి దూరిపోతుంది. కాగితానికి తాకిస్తే నారల మధ్యకి ఇంకుతుంది. పాస్టెల్ గీత మీద పెడితే నూనె తాగనివ్వదు, పూసలు కట్టి పక్కకి జారుతుంది. నా పుస్తకం రోజూ "పాలు తాగుతోంది". హారతి మాత్రం ఎవరూ పట్టడం లేదు.

ఇదంతా పదార్థం చేసే పని. మరి నా పాలు ఏమిటి? ఇక్కడ రెండో సాక్ష్యానికొస్తాను.

2001 మే నెలలో ఢిల్లీని "కాలా బందర్" అనే కోతిమనిషి భయపెట్టింది గుర్తుందా? ఘజియాబాద్ వైపు మొదలై తూర్పు ఢిల్లీ అంతా పాకింది. ఒకరు నాలుగడుగులన్నారు, ఇంకొకరు అంతకి బాగా పొడుగన్నారు. ఒకరు ఇనపగోళ్ళు చూశారు, ఒకరు హెల్మెట్టు చూశారు, ఒకరు ఛాతీ మీద మెరిసే బటన్లు చూశారు. పోలీసులు ఊహాచిత్రాలు విడుదల చేశారు. భయంతో మేడ మీంచి దూకి చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. చివరికి అలాంటి జీవే లేదని విచారణలో తేల్చారు. నాకు ఆ ఉదంతంలో అన్నిటికన్నా భయం వేసేది ఆ ఊహాచిత్రాలే. చూసినది, విన్నది, ఊహించినది మూడూ ఒకే పెన్సిల్‌తో, ఒకే గట్టి గీతతో వేసేస్తే, కాగితం మీద అన్నీ సమానంగా నిజమైపోతాయి. మాటలో "అట" అని ఒక్క అక్షరం జంట తగిలించొచ్చు. బొమ్మలో "అట" ఎక్కడ పెడతాం?

అందుకని నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. అక్కడ కూర్చుని నా కళ్ళతో చూసినది నల్ల బాల్‌పెన్. ఇతరులు చెప్పినది, నేను ఊహించినది కావిరంగు. వస్తువే దొరికితే, అంటే టికెట్టో రసీదో ఆకో దొరికితే, దాన్ని గీయకుండా అతికించడం. మిక్స్‌డ్ మీడియా నాకు సాక్ష్యాల వర్గీకరణ అయింది. కావిరంగే నా బొమ్మల్లో "అట".

ఈ నియమానికి గట్టి పరీక్ష ఫిరోజ్‌షా కోట్లాలో జరిగింది. 1354లో ఫిరోజ్‌షా తుగ్లక్ కట్టించిన కోట అది. శిథిలమైన గదుల్లో జిన్నులుంటారని నమ్మి, గురువారాలు జనం అక్కడికి అర్జీలు పట్టుకొస్తారు. 2018 చలికాలంలో నాలుగు గురువారాలు వెళ్ళాను. గూళ్ళలో అగరుబత్తుల మసి, గులాబీ రేకులు, కొవ్వొత్తులు. గోడల పగుళ్ళలో మడిచిన కాగితాలు. ఎవరి పేరూ, చిరునామా గీయకూడదని ముందే అనుకున్నాను. మడతలు మాత్రమే గీస్తూ కూర్చుంటే, గంట గడిచాక కళ్ళకి ఒకటి తట్టింది. ఇవి మొక్కులు రాసిన చీటీల్లా లేవు. అచ్చం ఆఫీసు దరఖాస్తుల్లా ఉన్నాయి. పాస్‌పోర్టు సైజు ఫొటో అతికించి, ఇంటి చిరునామా రాసి, అదే అర్జీని జిరాక్సు తీయించి ఒక్కో గూట్లో ఒక్కో కాపీ పెట్టారు. ఏ గదిలో ఏ అధికారి కూర్చుంటాడో తెలియని ఊళ్ళో, అన్ని గదులకీ తలా ఒక కాపీ! జిన్నుల సంగతేమో గానీ, రాజధానిలో ఒక పేదవాడి పని ఎలా జరుగుతుందో, ఎలా జరగదో ఆ గోడ చెప్తుంది. గీయకుండా కెమెరాతో ఒక ఫొటో తీసుకుని వచ్చేసి ఉంటే ఆ జిరాక్సులు నా కంటబడేవి కావు.

పక్కన ఒక ముసలావిడ కూర్చుని నా పేజీలోకి తొంగి చూసింది.

"ఏం గీస్తున్నావు బేటీ?"

"గోడని, అమ్మా."

"గోడలో ఏముంది? ఇక్కడుండే వాళ్ళని గియ్యి."

"కనిపించడం లేదు కదమ్మా. మీరు చెప్పండి, రాసుకుంటాను."

ఆవిడ చెప్పింది. కొడుకు ఉద్యోగం, ఆగిపోయిన పింఛను, ఆ మూల గూట్లో ఉండే "బాబా" ఎంత దయగలవాడో. అదంతా కావిరంగులో ఆ గోడ పక్కన ఉంది. గోడ నల్లగా, ఆవిడ నమ్మకం ఎర్రగా. నేను దాన్ని చెరపలేదు, వెక్కిరించలేదు, నిజమని కూడా ఒప్పుకోలేదు. ఆవిడతో వాదన పెట్టుకోవడం కన్నా ఆ పేజీ నాకు ఎక్కువ నేర్పింది.

ఆ కోటలోనే అశోకుడి స్తంభం ఒకటుంది. తుగ్లక్ దాన్ని హరియాణాలోని తోప్రా నుంచి తెప్పించి నిలబెట్టాడు. దాని మీద రాత ఏమిటో వందల ఏళ్ళు ఎవరికీ తెలియదు. భీముడి కర్ర అన్నవాళ్ళూ ఉన్నారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ అక్షరాల్ని చదివాడు. చదివింది ఏ దివ్యదృష్టితోనూ కాదు. రకరకాల చోట్ల శాసనాల నకళ్ళు తెప్పించుకుని, అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చి చదివాడు. జాగ్రత్తగా ఎత్తిరాసిన గీత ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అదే స్తంభంలో ఇప్పుడు జిన్నుల పెద్ద ఉంటాడని కింద మొక్కుతున్నారు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి, ఒకటి నల్లగా, ఒకటి కావిగా.

ఇలా ఏళ్ళ తరబడి చేస్తే ఏమవుతుంది? నల్ల గీతలు, వాటి చుట్టూ కావి మరకలు, ఒక మూల అతికించిన కాగితం. ఏ పేజీ తెరిచినా అదే తీరు. జనం "శైలి" అంటున్నది దీన్నే. నేను శైలి కోసం వెతకలేదు. ఒక ప్రశ్నని వదలకుండా పట్టుకున్నాను: ఇందులో నేను చూసినదెంత, విన్నదెంత?

నిజంగా అంతేనా అని ఒక చిన్న పరీక్ష కూడా పెట్టాను. సెలవురోజుల్లో కలిసి బొమ్మలు వేసే మిత్రులిద్దరి పేజీల్లో నావి కలిపి, మరో నలుగురికి ఇచ్చి నావి ఏరమన్నాను. రంగుల్లో ఉన్నవి సులువుగా ఏరేశారు. అవే పేజీలు నలుపు-తెలుపు జిరాక్సులుగా ఇస్తే తడబడ్డారు, అయినా కొన్ని పట్టుకున్నారు. నలుగురితో చేసినది రుజువు కాదు, సూచన మాత్రమే. కానీ నా "ప్రత్యేకత"లో ఎక్కువ భాగం ఒక రంగు నియమంలో ఉందనీ, కొంచెం మాత్రం చెయ్యి వాటంలో ఉందనీ అనిపించింది. చెయ్యి వాటమూ వింతేమీ కాదు. 19వ శతాబ్దంలో జొవాన్నీ మొరెల్లి అనే ఇటలీ పండితుడు, సంతకం లేని బొమ్మలు ఎవరివో చెప్పడానికి ముఖాలు వదిలేసి చెవి తమ్మెలు, గోళ్ళు చూడమన్నాడు. చిత్రకారుడు శ్రద్ధ పెట్టకుండా అలవాటుగా గీసేసేది అక్కడే కనక.

శైలి ఆత్మ ముద్ర అనేవాళ్ళని ఒకసారి ఇండియా గేటు దగ్గర జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా సంగ్రహాలయానికి తీసుకెళ్ళాలి. అక్కడ అమృతా షేర్‌గిల్ బొమ్మలున్నాయి. పారిస్‌లో చదువుకునే రోజుల్లో, 1932లో వేసిన 'యంగ్ గర్ల్స్' చూడండి. తర్వాత 1937 నాటి 'బ్రహ్మచారీస్' చూడండి. మధ్యలో అయిదేళ్ళు. మనిషి అదే, చెయ్యి అదే, ఆత్మంటూ ఉంటే అదీ అదే. మారిందల్లా ఆమె చూసినవి: అజంతా గుహలు, దక్షిణదేశపు ప్రయాణం, ఇక్కడి మనుషుల ఒంటిరంగు. శైలి పుట్టుకతో వచ్చేదే అయితే అయిదేళ్ళలో అంత మారకూడదు.

వరం సిద్ధాంతానికి చదువుకున్నవాళ్ళ రూపం ఒకటుంది: కుడి మెదడు. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ రాసిన పుస్తకంతో అది ఇంటింటికీ చేరింది. బొమ్మని తలకిందులుగా పెట్టి చూసి గీయమనే ఆమె అభ్యాసం బాగా పనిచేస్తుంది, నేనూ చేశాను. "ఇది ముక్కు" అనే పేరు మర్చిపోయి గీత ఎటు వంగిందో చూస్తాం. కానీ కొందరు కుడి మెదడు మనుషులు, కొందరు ఎడమ మెదడు మనుషులు అన్న మాటకి ఆధారం లేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు పరిశీలించి అలాంటి విభజన కనిపించలేదని చెప్పారు. పద్ధతి పనిచేసినంత మాత్రాన దానికి చెప్పే కారణం నిజమైపోదు. ఇది మనం నాటువైద్యం గురించి చెప్పే మాటే. బొమ్మల దగ్గరా చెప్పాలి.

ఇక "రక్తంలో ఉంది" అనే మాట. ఇది కుడి మెదడంత అమాయకమైనది కాదు. 2016లో ఫరీదాబాద్ సూరజ్‌కుండ్ మేళాకి తెలంగాణ ప్రధాన రాష్ట్రం. చేర్యాల నకాషీల పటాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎర్రటి నేపథ్యం, సూటిగా చూసే పెద్ద కళ్ళు. పక్కన ఒక తెలుగాయన తన భార్యతో "వాళ్ళకి పుట్టుకతో వస్తుంది, వాళ్ళ కులవృత్తి కదా" అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడు! బట్టకి సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, నునుపు చేసి, అప్పుడు గీత మొదలుపెడతారు. ఆ ఇంట్లో పిల్లలు ఊహ తెలిసినప్పట్నుంచీ అది చూస్తారు, చేస్తారు. వేల గంటల పనిని "రక్తం" అనేస్తే ఆ గంటల ఖరీదు ఎగ్గొట్టినట్టే. రెండో వైపు చూస్తే, ఇతర ఇళ్ళలో పుట్టిన పిల్లలకి తలుపు వేసినట్టే. ఒక్క మాట రెండు అన్యాయాలు చేస్తోంది. కులవ్యవస్థ నడిచేదే ఈ తర్కం మీద. వంచన అయినప్పుడు దాన్ని ఖండిస్తాం, మెచ్చుకోలు అయినప్పుడు నవ్వి ఊరుకుంటాం.

మన దామెర్ల రామారావు గురించి కూడా పుట్టుమేధావి అనే అంటారు. 1897లో రాజమండ్రిలో పుట్టి 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండకుండా. అంత చిన్న బతుకులో కూల్డ్రే దొర ప్రోత్సాహం ఉంది, బొంబాయి జె.జె. స్కూల్లో చదువు ఉంది, అజంతా ఉంది. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో పూర్తయిన చిత్రాలతో పాటు స్కెచ్‌లూ ఉన్నాయి. చూసేవాళ్ళు చిత్రాల ముందు ఆగి స్కెచ్‌లు దాటిపోతారు. పని జరిగిన చోటు మాత్రం అవే.

మా చెల్లెలి కూతురు ఘజియాబాద్‌లో ఉంటుంది, పదకొండేళ్ళు. పోయినేడు బొమ్మలు మానేసింది. ఎందుకే అంటే, "మన వంశంలో ఎవరికీ లేదట కదా పెద్దమ్మా, నానమ్మ చెప్పింది. ఎంత గీసినా రాదట" అంది. నానమ్మ ప్రేమతోనే చెప్పి ఉంటుంది, చదువు పాడవకుండా. నేను వాదించలేదు. నా మొదటి పుస్తకం, పదకొండో పుస్తకం తెచ్చి దాని ముందు పెట్టాను. శ్రద్ధగా తిరగేసి, "మొదటి దాంట్లో కుక్క గేదెలా ఉంది" అంది. "రెండిటికీ మధ్య ఏం జరిగిందో చెప్పు" అన్నాను. తేదీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అయ్యాక ఖాళీ పుస్తకం ఉందా అని అడిగింది.

అందరూ అమృతా షేర్‌గిల్‌లు అవుతారని నేను చెప్పడం లేదు. మనుషుల మధ్య తేడాలుంటాయి, కొందరు త్వరగా నేర్చుకుంటారు. కానీ ఎవరి తేడా ఎంతో గీసి చూడకముందే తెలిసే మార్గం లేదు. జాతకం చూసి చెప్పినా, వంశం చూసి చెప్పినా అది జోస్యమే.

మీకు సరదా ఉంటే ఇలా మొదలుపెట్టొచ్చు. ఖరీదైన పుస్తకం కొనకండి, పాడుచెయ్యడానికి చెయ్యి రాదు. వస్తువులు మూడు నాలుగు మించకుండా పెట్టుకోండి. ఒక్కోదానికీ ఒక్కో పని అప్పగించండి. నా నల్ల-కావి నియమమే కావాలనేం లేదు. మిమ్మల్ని వదలని ప్రశ్న ఏదో చూసుకుని దానికి తగ్గ నియమం పెట్టుకోండి. వంద పేజీల దాకా శైలి అనే మాట ఎత్తకండి. ప్రతి పేజీ మీదా తేదీ, వేళ, చోటు వెయ్యండి, ఢిల్లీలో ఉంటే ఆ రోజు ఎండా వానా కూడా. ఏడాది పోయాక ఎవరైనా మీ పుస్తకం చూసి అది దేవుడిచ్చిన వరమంటే, వాళ్ళకి చూపించడానికి మీ దగ్గర లెక్కలుంటాయి.